లండన్ చర్చిలు: టికెట్ ఉన్నవీ, లేనివీ

లండన్‌లో నాలుగు రోజులుంటే అందులో మూడు రోజులు చర్చిల చుట్టూనే తిరిగాను. వెళ్లేముందు ఎవర్ని అడిగినా వెస్ట్‌మినిస్టర్ అబే, సెయింట్ పాల్స్, ఈ రెండూ చూస్తే చాలన్నారు. ఆ రెండూ చూడాల్సినవే. కానీ ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా నాకు పదేపదే గుర్తొస్తున్నవి టికెట్ లేకుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఓ బెంచీ మీద కాసేపు కూర్చున్న చోట్లు. పెద్దవాటికి డబ్బు పెట్టండి, చిన్నవాటికి టైమ్ పెట్టండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ముందు అబే. చాలామంది దీన్ని కెథడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి అనుకుంటారు, కాదు. దీని మీద బిషప్ అధికారం ఉండదు, నేరుగా రాజు కిందే ఉంటుంది. 1066లో క్రిస్మస్ రోజున, ఇంగ్లండ్‌ని జయించిన విలియంకి కిరీటం పెట్టింది ఇక్కడే, 2023లో చార్లెస్‌కి పెట్టిందీ ఇక్కడే. ఇప్పుడు కనిపించే కట్టడం చాలావరకు 1245లో మూడో హెన్రీ మొదలుపెట్టించినది. టికెట్ 30 పౌండ్లకు అటూ ఇటూగా ఉంది, నలుగురు కుటుంబంగా వెళ్తే జేబుకి బాగానే తగులుతుంది. అయినా ఇవ్వొచ్చు అంటాను, ఎందుకంటే లోపల ఒక్కో రాయి దగ్గరా ఆగిపోతాం. పట్టాభిషేకం కుర్చీ ముందైతే నేను చాలాసేపు నిలబడిపోయాను. 700 ఏళ్ల కిందటి చెక్క కుర్చీ, బంగారు పూత దాదాపు ఊడిపోయింది, దాని నిండా పేర్లు చెక్కి ఉన్నాయి. 18, 19 శతాబ్దాల్లో పక్కనున్న స్కూలు పిల్లలూ, చూడటానికొచ్చినవాళ్లూ కత్తితో గీకిన గీతలు అవి. ఒకతనైతే 1800 జులైలో ఈ కుర్చీలోనే నిద్రపోయానని కూడా చెక్కాడు. రాజులు కూర్చునే కుర్చీ మీద ఎవరో మామూలు మనిషి నిద్ర గురించి చదువుతుంటే ఆ కాలం ఒక్కసారిగా చాలా దగ్గరికొచ్చేసినట్టు అనిపించింది. సీటు కింద ఖాళీగా ఉన్న చోట ఒకప్పుడు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన రాయి ఉండేది, 1996లో దాన్ని తిరిగి ఇచ్చేశారు.

న్యూటన్ సమాధి దగ్గర జనం ఎప్పుడూ ఉంటారు. ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా కాస్త కిందకి చూడండి. న్యూటన్‌కీ డార్విన్‌కీ మధ్య నేలలో స్టీఫెన్ హాకింగ్ చితాభస్మం ఉంది, 2018లో పెట్టారు, రాతి మీద ఆయన సమీకరణమే చెక్కారు. ఇక పశ్చిమ ద్వారం దగ్గర పేరు తెలియని సైనికుడి సమాధి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఎవరో ఒకతన్ని 1920లో తెచ్చి ఇక్కడ పూడ్చారు. అబేలో నేలంతా సమాధులే, అన్నింటి మీదా నడుస్తాం, దీని మీద మాత్రం ఎవరూ అడుగు పెట్టరు, రాజు ఊరేగింపు అయినా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. నల్లరాయి, చుట్టూ ఎర్రటి పాపీ పూలు. అక్కడ నాకు మాట రాలేదు.

సెయింట్ పాల్స్‌కి వేరే రోజు పెట్టుకోండి, రెండూ ఒకే రోజు వద్దు, కాళ్లూ పనిచేయవు, బుర్రా పనిచేయదు. 1666లో లండన్‌ని తగలబెట్టిన మంటల్లో పాత చర్చి కాలిపోయాక ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్ కట్టినది ఇది, 1675లో మొదలై 1711లో పూర్తయిందని ప్రకటించారు. ఎత్తు 111 మీటర్లు. పై గ్యాలరీ దాకా 528 మెట్లు, మోకాళ్లు సహకరిస్తే తప్పకుండా ఎక్కండి. కారణం లండన్ వ్యూ ఒక్కటే కాదు. కింద నుంచి చూసే గుమ్మటం, బయట నుంచి కనిపించే గుమ్మటం ఒకటి కావు. లోపల ఒకటి, బయట సీసం రేకు కప్పిన చెక్కది ఒకటి, రెండింటి మధ్యలో పైనున్న రాతి బరువంతా మోసే ఇటుకల శంకువు. చివరి భాగంలో ఇనప మెట్లు ఆ మధ్య సందులోంచే వెళ్తాయి, ఎవరికీ కనిపించకుండా మొత్తం బరువు మోస్తున్నదాన్ని పక్కనే చూస్తూ ఎక్కుతాం. కిందకొచ్చాక నేలమాళిగలో రెన్ సమాధి చూడండి. యుద్ధవీరులు నెల్సన్, వెల్లింగ్టన్ సమాధుల ఆర్భాటం ముందు అది ఉత్త నల్ల పలక. పైన లాటిన్‌లో, ఇతని స్మారకం కావాలంటే నీ చుట్టూ చూడు అనే అర్థంలో రాసి ఉంది.

టికెట్ డబ్బులు కష్టమనుకునేవాళ్లకి ముఖ్యమైన సంగతి. ఈ రెండు చోట్లా ప్రార్థనకి వచ్చేవాళ్లకి టికెట్ లేదు. చాలా రోజులు సాయంత్రం 5 గంటలకి ఈవెన్‌సాంగ్ ఉంటుంది, క్వయర్, అంటే చర్చి గాయక బృందం పాడే ఆరాధన, ఓ ముప్పావు గంట. టైమ్ ఆ రోజుకి వెబ్‌సైట్‌లో చూసుకుని కాస్త ముందే వెళ్లండి. అది ఆరాధన కాబట్టి తిరగడం, ఫొటోలు కుదరవు, నిశ్శబ్దంగా కూర్చోవాలి. సెయింట్ పాల్స్‌లో పగలు ఎక్కిందాని కంటే సాయంత్రం ఆ గొంతులు గుమ్మటంలోకి వెళ్లి కొన్ని క్షణాలు అక్కడే నిలిచి వినిపించడం నాకు ఎక్కువ నచ్చింది. ఆ భవనం దేనికోసం కట్టారో అప్పుడే అర్థమైంది.

ఆడియో గైడ్ గురించి ఒక మాట. ఒక చోట నాది సగంలో ఆగిపోయింది, మార్చమంటే మళ్లీ మొదటి క్యూకే వెళ్లమన్నారు. చేతికివ్వగానే ఒకసారి చెక్ చేసుకోండి.

ఇక చిన్నవి. బ్యాంక్ స్టేషన్ దగ్గర సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్, ఇదీ రెన్ కట్టిందే, బయటకి పెద్దగా ఏమీ కనిపించదు, లోపలికి వెళ్తే తలపైన గుమ్మటం, కిటికీల్లోంచి తెల్లటి వెలుగు. మధ్యలో శిల్పి హెన్రీ మూర్ చెక్కిన గుండ్రటి రాతి బలిపీఠం ఉంది, అది పెట్టొచ్చా వద్దా అని చర్చి కోర్టు దాకా వెళ్లింది. ఓ గాజు పెట్టెలో పాత నల్ల టెలిఫోన్ ఉంటుంది, దాన్ని మాత్రం వదలొద్దు. 1953లో ఇక్కడి పాదిరి చాడ్ వరా, చనిపోవాలనుకుంటున్నవాళ్లు ఎవరైనా సరే ఫోన్ చేయండి అని ఒక సర్వీస్ పెట్టాడు. అదే సమారిటన్స్, ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఫోన్ ముందు నిలబడి, అవతల వైపు ఎలాంటి గొంతులు విని ఉంటుందో అనుకున్నాను.

స్మిత్‌ఫీల్డ్ దగ్గర సెయింట్ బార్తలోమ్యూ ది గ్రేట్ 1123 నాటిది, లావుపాటి రాతి స్తంభాలు, చీకటి, చల్లదనం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఇందులోని లేడీ చాపెల్‌లో, అంటే మేరీమాత పేరున్న చిన్న ప్రార్థన గదిలో నడిచిన ప్రింటింగ్ షాపులో పనిచేశాడు. నదికి అవతల సదర్క్ కెథడ్రల్‌లో షేక్స్‌పియర్ తమ్ముడు ఎడ్మండ్‌ని 1607లో పూడ్చారు, నేల మీద పేరుంది. పక్కనే బరో మార్కెట్ గోల, లోపలికి అడుగుపెడితే ఆ గోలంతా ఆగిపోతుంది. టెంపుల్ చర్చికి చిన్న టికెట్ ఉంది, 1185 నాటి గుండ్రటి భాగంలో పడుకున్న రాతి యోధుల్ని చూడటానికి అది తీసుకోవచ్చు.

ఇవి చూడాలంటే వారం మధ్యలో వెళ్లండి. పాత సిటీ భాగంలోని చిన్న చర్చిలు చాలా శని, ఆదివారాలు మూసి ఉంటాయి. ఆదివారం అబే, సెయింట్ పాల్స్‌లో ఆరాధన తప్ప సందర్శన ఉండదు.

నాకు అన్నింటికన్నా నచ్చినది వెస్ట్‌మినిస్టర్ కెథడ్రల్. అబేకి నడిచి వెళ్లేంత దూరం, పేరు చూసి రెండూ ఒకటే అనుకుంటారు, ఇది క్యాథలిక్కులది. 1895లో మొదలై 1903లో తెరుచుకుంది, బయట ఎర్ర ఇటుక, తెల్ల రాయి చారలు. లోపల కింద భాగమంతా రంగురంగుల పాలరాయి, పక్క చాపెళ్లలో మొజాయిక్ మెరుపు. తలెత్తితే మాత్రం నల్లటి మొండి ఇటుక. పైకప్పు మొత్తం మొజాయిక్‌తో నింపాలనేది అసలు ప్లాన్, 120 ఏళ్లు దాటినా అంత దూరం రాలేదు. నేను వెళ్లినప్పుడు మధ్యాహ్నం పూజ జరుగుతోంది, ధూపం పొగ మెల్లగా పైకి లేచి ఆ నల్లదనంలో కలిసిపోయింది, పొగ ఎక్కడ ఆగిందో, కప్పు ఎక్కడ మొదలైందో తెలియలేదు. టికెట్ లేదు. వెనక వరసలో చోటు దొరికింది, పూజ అయ్యాక కూడా చాలాసేపు లేవలేదు.