మాంద్యం నుంచి యుద్ధం దాకా: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫోటోల సైటు ఎలా ఉంది?

1930ల అమెరికాను కళ్లారా చూడాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా పెట్టిన ఎఫ్‌ఎస్‌ఏ–ఓడబ్ల్యూఐ (పేద రైతులకు సాయపడిన ప్రభుత్వ సంస్థ, తర్వాత యుద్ధ సమాచార శాఖ) ఫోటోలకు సాటి లేదు. 1935–44 మధ్య ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు తీసిన నలుపు తెలుపు నెగెటివ్‌లే సుమారు 1,75,000. ఖాతా అక్కర్లేదు, రుసుము లేదు. అచ్చుకైతే జేపెగ్ కాదు, టిఫ్ ఫైలు దించుకోండి.

వెతకడమే చిక్కు. చాలావాటికి శీర్షికే లేదు, పేరుతో వెతికితే తగలవు. దొరికిన ఒక ఫోటో తెరిచి, కాల్ నంబరు (లైబ్రరీ ఇచ్చే గుర్తు సంఖ్య) ప్రకారం పక్కనున్నవి చూపించే లింకు నొక్కండి, ఆ చుట్టుపక్కలవి వరుసగా వస్తాయి. బొమ్మలో నల్లటి గుండ్రం కనిపిస్తే స్కానింగ్ లోపం అనుకోకండి. నచ్చని నెగెటివ్‌లకు ఈ ఫోటోల పని నడిపిన రాయ్ స్ట్రైకర్ ఆఫీసు పంచ్‌తో చిల్లు పెట్టేది (పాపం, కొన్నిట్లో అది సరిగ్గా మొహం మీదే పడింది). డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో తీసిన వలస తల్లి ఫోటోను పెద్దది చేసి కింద కుడిమూల చూడండి: తర్వాత చెరిపించిన బొటనవేలి జాడ లీలగా తెలుస్తుంది.

1942లో ఈ పని యుద్ధ సమాచార శాఖ చేతికి వెళ్లింది. అక్కణ్ణుంచి కూలీల గుడారాలు తగ్గి విమాన కర్మాగారాలు పెరుగుతాయి, ప్రచార వాసన కూడా. 1920ల భోగం మాత్రం ఇందులో దొరకదు, దానికి వేరే సేకరణ చూసుకోవాల్సిందే.