రికవరీ ఫోన్లు చుట్టాలకు వెళ్తుంటే: బ్యాంకుకు రాయడం మేలా, స్టేషన్‌కి వెళ్లడం మేలా?

మా బావమరిది పర్సనల్ లోన్‌లో మూడు ఈఎంఐలు ఆగినప్పుడు ఆ ఫైనాన్స్ కంపెనీకి కంప్లైంట్ నేనే రాసిపెట్టాను. ఆ సంగతి ఎలా పాకిందో గానీ, అప్పటి నుంచి నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు: "అన్నా, ఇంటికీ ఆఫీసుకీ ఫోన్లు చేస్తున్నారు. స్టేషన్‌కి వెళ్లాలా, బ్యాంకుకు రాయాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

అప్పు కట్టాలా వద్దా అన్న చర్చ కాదిది, కట్టాల్సిందే. వాయిదా తప్పినవాణ్ణి అడిగే హక్కు అప్పిచ్చినవాడికి ఉంది. కానీ ఆ అప్పు సంగతి ఊళ్లో టముకు వేసే హక్కు లేదు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్ ఈ మాట సూటిగానే చెప్పింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదు. పదిమందిలో పరువు తీయకూడదు. కుటుంబసభ్యులు, స్నేహితులు, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ల ప్రైవసీలోకి చొరబడకూడదు. డ్వాక్రా తరహా మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఈ వేళలు ఇంకా తక్కువ: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకానే.

రూల్ ఉంది సరే, ఎవరికి చెప్పుకోవాలి? నన్నడిగితే ముందు చూడాల్సింది ఒకటే: ఫోన్ ఎవరికి వెళ్లింది?

లోన్ ఫారంలో రిఫరెన్స్ అని రాసిన ఇద్దరికే వెళ్తోందంటే అవతల ఉన్నది చాలావరకు లైసెన్సు ఉన్న సంస్థ, దాని తరఫున బాకీలు వసూలు చేసే, టార్గెట్ల టెన్షన్‌లో ఉన్న ఏజెన్సీ. అలా కాకుండా ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ, పాలవాడితో సహా, మెసేజ్‌లు వెళ్లాయా? అది వేరే కేసు. లోన్ యాప్‌లు కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్, గ్యాలరీ ముట్టుకోకూడదని 2022 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు డిజిటల్ లెండింగ్ (యాప్‌ల ద్వారా అప్పులివ్వడం) మార్గదర్శకాలు వచ్చాయి. అయినా తీసుకున్నాడంటే వాడు రూల్ తప్పిన సంస్థ అయినా కావాలి, అసలు సంస్థే కాకపోవచ్చు కూడా. మొదటి రకానికి బ్యాంకు దారి, రెండో రకానికి పోలీసు దారి. (ఇంట్లో ఎవరైనా ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే లెక్క మారుతుంది. వాళ్లను అడగొచ్చు, అప్పు వాళ్లది కూడా. రిఫరెన్స్ అంటే ష్యూరిటీ కాదు. ఈ తేడా తెలియక భయపడి డబ్బు కట్టేసిన చుట్టాలను చూశాను.)

ఇక సాక్ష్యం. అందరూ తడబడేది ఇక్కడే. మనల్ని తిట్టిన కాల్ మన ఫోన్లో ఉంటుంది. పరువు తీసిన కాల్ మాత్రం ఇంకొకరి ఫోన్లో ఉంటుంది. మా కేసులో అది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు నడిపే మా ఆవిడ వాళ్ల పెదనాన్నగారి ఫోన్. రాత్రి 8:50కి, కొట్టు కట్టేసే వేళ. "మీవాడు డబ్బులెగ్గొట్టి తిరుగుతున్నాడు, పెద్దవాళ్లు మీరైనా కట్టండి" అన్నాడట రికవరీ ఏజెంటు. స్క్రీన్‌షాట్ కోసం నేను వెళ్లేసరికి ఆ కాల్ లేదు. "అంత దరిద్రం నా ఫోన్లో ఎందుకండీ అల్లుడుగారూ" అని అప్పుడే చెరిపేశారు. నాలుగు రోజులకు మళ్లీ చేశాడు కాబట్టి సరిపోయింది. ఈసారి ఆయన మనవరాలు నంబరు, తేదీ, టైము కనిపించేలా ఫొటో తీసి పంపింది.

కంప్లైంట్ అంతా ఆ ఫొటో చుట్టూనే రాశాను. ఈ నంబరు నుంచి, ఈ తేదీన, ఈ టైముకి, ష్యూరిటీ కాని ఫలానా వ్యక్తికి అప్పు సంగతి చెప్పారు; ఈ నంబరు మీ ఏ ఏజెన్సీది, మా ఖాతా దానికి ఎప్పుడు అప్పగించారు అని. మాకు ఉద్యోగం పోయింది, కష్టాల్లో ఉన్నాం లాంటివి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఏజెన్సీ చేసిన తప్పుకు బాధ్యత అప్పిచ్చిన సంస్థదే. అందుకే ఏజెంటుతో ఫోన్లో గొడవపడితే ఒరిగేదేమీ లేదు, ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాలి. పదకొండో రోజుకి ఏజెన్సీని మార్చామని రెండు లైన్ల జవాబు వచ్చింది. పెదనాన్నగారికి ఫోన్లు ఆగాయి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. పైగా వకీలు ద్వారా పంపితే తీసుకోరు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. మానసిక వేదనకు పరిహారం ఇప్పించే వీలు కూడా ఉంది. అయితే ముందు సంస్థకు రాయకుండా నేరుగా వెళ్తే తిప్పి పంపుతారు. చాలామంది కంప్లైంట్లు పోయేది ఇందుకే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీద కంప్లైంట్లు మాత్రం నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్తాయి. ఊళ్లో వడ్డీ వ్యాపారి ఇందులో ఎక్కడికీ రాడు.

మరి పోలీసులు? ఫొటోలు మార్ఫింగ్ చేసినా, చంపుతామన్నా, ఇంటి ముందు గలాటా చేసినా 30 రోజులు ఆగడమేంటి, అదే రోజు వెళ్లాలి. 2020 చలికాలంలో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయినప్పుడు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేసింది పోలీసులే. ఆ యాప్‌లకు మెయిల్ పెడదామంటే చదివేవాడే లేడు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టండి, డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. యాప్ తీసేసే ముందు స్క్రీన్‌షాట్లన్నీ దాచుకోండి. అది లైసెన్సున్న సంస్థ యాపో కాదో రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో 2025 జూలై నుంచి పెట్టిన జాబితాలో చూసుకోవచ్చు.

కానీ మామూలు రికవరీ కాల్‌తో స్టేషన్‌కి వెళ్తే "అప్పు తీసుకున్నారు కదండీ, సివిల్ మ్యాటర్" అని పంపించేస్తారు. నా స్నేహితుడొకడు రెండు పూటలు బెంచీ మీద కూర్చుని అదే మాట విని వచ్చాడు. వెళ్లాల్సి వస్తే కాగితంలో అప్పు గురించి తక్కువ, బెదిరింపు గురించి ఎక్కువ రాయండి. భారతీయ న్యాయ సంహితలో క్రిమినల్ బెదిరింపు సెక్షన్ 351.

మిగతావి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, నెలలు పడుతుంది. నంబరు బ్లాక్ చేయడం అన్నిటికన్నా చెడ్డది. మీరు దొరకకపోతే ఆ ఫోన్ మీ మేనేజరుకి వెళ్తుంది. 2023 డేటా రక్షణ చట్టం గురించి అడుగుతున్నారు. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. పైగా బాకీదారు ఆస్తిపాస్తులు తెలుసుకోవడానికి అందులో మినహాయింపు కూడా ఉంది. చుట్టాలకు ఫోన్లు ఆపడానికి నేనైతే దాన్ని నమ్ముకోను.

పెదనాన్నగారి ఫోన్లో ఆ నంబరు ఇప్పుడు "రికవరీ వాడు" అన్న పేరుతో ఉంది. మొన్న మళ్లీ చెరిపేస్తానంటే మనవరాలు ఫోన్ లాక్కుందట.