తొలి కాన్పు: పుట్టింట్లోనా, భర్త దగ్గరేనా?

సీమంతం అవగానే మొదలయ్యే ప్రశ్న ఇది. తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి అందరూ ఆలోచిస్తారు, పుట్టింట్లో ఉండే ఆ మూడు నెలల్లో (కొన్ని ఇళ్లలో ఐదు) భార్యాభర్తల మధ్య ఏమవుతుందో ఎవరూ మాట్లాడరు.

ఖర్చు
పుట్టింట్లో: అమ్మానాన్నల మీద పడుతుంది. ఆనవాయితీ అని ఊరుకోకండి, ఆస్పత్రి బిల్లు మీరిద్దరే కట్టండి.
భర్త దగ్గర: వంటమనిషి, బిడ్డకు నీళ్లు పోసే ఆమె, అన్నీ మీ జీతాల్లోంచే.

శ్రమ
పుట్టింట్లో: రాత్రి అమ్మ బిడ్డను ఎత్తుకుంటే మీకు రెండు గంటల నిద్ర.
భర్త దగ్గర: ఇద్దరికీ నిద్ర ఉండదు.

రిస్క్
పుట్టింట్లో: బిడ్డ నాన్న ఆదివారం చుట్టంలా అయిపోతాడు. తేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం, ఏది ఆకలి ఏడుపో ఏది నిద్ర ఏడుపో పోల్చుకోవడం చేతుల్లో పెట్టుకుంటేనే వస్తాయి, వీడియో కాల్‌లో రావు, అందుకే ఇంటికొచ్చాక "నీకు తెలీదు, ఇటివ్వు" అన్న మాట దగ్గరే గొడవలు మొదలవుతాయి.
భర్త దగ్గర: ఆ అలవాటు మొదటి రోజే పడుతుంది, కానీ సాయం లేకపోతే విసుగంతా ఒకరి మీద ఒకరు చూపించుకుంటారు.

కాన్పు తర్వాత తల్లికి వచ్చే దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ఎక్కడున్నా డాక్టరుకి చెప్పాల్సిందే.

సెలవు సంగతీ చూడండి. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి మొదటి రెండు కాన్పులకు 26 వారాలు. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో 15 రోజులు, ప్రైవేటులో కంపెనీ ఇచ్చినంతే.

భర్తకు సెలవు లేక, పగలు తోడుండే మనిషీ లేకపోతే పుట్టిల్లే నయం. అతను వచ్చినప్పుడు మాత్రం ఆ రెండు రోజులూ బిడ్డ పని అతనికే వదలండి. అమ్మో అత్తయ్యో వచ్చి ఉండగలిగితే భర్త దగ్గరే ఉండండి, నేనైతే గట్టిగా ఇదే చెబుతాను.