పాత పట్టుచీరలు కొంటాం: ఆ బోర్డు వెనక లెక్క

కరెంటు స్తంభానికి అంటించిన కాగితం మీద, పేపర్లో చిన్న ప్రకటనల వరుసలో, కొన్నిచోట్ల ఆటో మైకులో కూడా ఇదే మాట: "పాత పట్టుచీరలు కొంటాం, చిరిగినా పర్వాలేదు, అక్కడికక్కడే నగదు." బీరువా ఖాళీ చేద్దామనుకునే ఇళ్లకు ఇంతకంటే తేలికైన దారి కనిపించదు. ఫోన్ చేస్తే ఇంటికే వస్తారు, మూట విప్పించి చూస్తారు, డబ్బిచ్చి వెళ్తారు. సౌకర్యానికి అయిదుకు అయిదు ఇవ్వొచ్చు. ధర విషయానికొస్తే మాత్రం రెండు దాటి ఇవ్వలేం, అదీ అమ్మేవాళ్లు లెక్క తెలిసి కూర్చుంటేనే.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు కొనేది చీరను కాదు, చీరలోని వెండిని. నేత ఎంత పనితనంతో ఉన్నా, రంగు ఎంత నిండుగా ఉన్నా, అది ధర్మవరమైనా కంచి అయినా వాళ్లకు ఒకటే. అంచు, కొంగు కత్తిరించి కాలుస్తారు. పట్టు బూడిదై పోతుంది, లోహం మిగులుతుంది. దాన్ని వెలిగారం వేసి మూసలో కరిగించి, నైట్రిక్ యాసిడ్‌తో శుద్ధి చేస్తే వెండి ఒక దారిన, బంగారం ఒక దారిన విడిపోతాయి. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు చీర పీలికలైనా జరీ విలువ పోదు, నిజమే. అయితే చావని చింతను కూడా నరికించుకునేవాళ్లే ఎక్కువ. కట్టుకోదగ్గ చీరను ఈ బేరానికి పెట్టడమంటే పుస్తకాన్ని పాత కాగితాల కింద తూకానికి వేసినట్టే.

అందుకే మూట విప్పే ముందు చీరల్ని రెండు కుప్పలు చెయ్యాలి. చీరను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని మడతల గీతల వెంట చూడండి. సూదిమొనల్లాంటి వెలుగుచుక్కలు వరుసగా కనిపిస్తే పట్టు అక్కడ చిట్లడం మొదలైనట్టు. మడత దగ్గర రెండు బొటనవేళ్లతో మెల్లగా ఇటూ అటూ లాగండి. చిరుగుతున్న చప్పుడు వినిపిస్తే ఆ చీర కట్టుకోవడానికి పనికిరాదు, జరీ కుప్పలోకి వెళ్తుంది. గట్టిగా నిలబడితే చీరగానే అమ్మాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచడమే ఈ చిట్లుడుకు పెద్ద కారణం. ఉంచుకోదలచిన వాటికైనా మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెడితే అమ్మకానికి పెట్టే రోజున తేడా తెలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగిలేలా వేయకండి.

ఇక జరీ సంగతి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నటి చదునైన వెండితీగ చుట్టి, పైన బంగారు పూత ఇచ్చినది. టెస్టెడ్ జరీలో తీగ రాగిది, మీద వెండిపూత. మూడోది ప్లాస్టిక్ జరీ, మెరుపు ఫిల్మును సన్నగా కోసినది, దీన్ని ఎవరూ కొనరు. తేడా పట్టడానికి జాకెట్టు ముక్క చివర నుంచి రెండంగుళాల జరీపోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోయి చిన్న పూసలా గడ్డకడుతుంది, ఘాటు వాసన వస్తుంది. లోహపు జరీ అయితే దారం పోయాక తీగచుట్ట అలాగే నిలుస్తుంది, లోపలిది పట్టుదారమైతే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. జరీని గోటితో గీకితే లోపల ఎర్రదారం కనిపించాలని చాలామంది చెబుతారు. అది సూచన మాత్రమే, రుజువు కాదు. దారానికి ఎర్రరంగు ఎవరైనా అద్దుకోవచ్చు.

వెండి రేటు పెరుగుతున్నకొద్దీ అసలు జరీ తీగలోనూ రాగి కలుస్తూ, వెండి పలచబడుతూ వచ్చింది. తమిళనాడు ప్రభుత్వ జరీ సంస్థ కంచి చీరలకు చెప్పే పాళ్లు ఇవి: వెండి 40 శాతం, రాగి 35.5, పట్టు 24, బంగారం 0.5. ఈ పాళ్లు రాకముందు నేసిన చీరల్లో వెండి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. బయట మగ్గాలవి ఇంతకంటే తక్కువా ఉంటాయి.

కొనేవాళ్లలో కొందరు గీటురాయి మీద గీసి చూస్తారు, కొందరు నగల దుకాణాల్లో ఉండే క్యారెట్ మిషన్ పెడతారు. ఇక్కడే బేరం తికమకపడేది. మిషన్ చెప్పేది లోహాల పాళ్లు మాత్రమే, పట్టుదారం దాని కంటికి ఆనదు. పైన చెప్పిన జరీలో నూటికి 76 పాళ్లు లోహం. అందులో 40 వెండి కాబట్టి మిషన్ మీద దాదాపు 53 అని పడుతుంది. ఆ అంకె చూసి చీర బరువులో సగం వెండి అనుకుని గొడవకు దిగితే అమ్మేవాళ్ల తప్పు. కాల్చాక మిగిలిన లోహం బరువుకు అసలు జరీ శాతమైన 40 లెక్క కడితే కొనేవాళ్ల కిటుకు. లోహం బరువుకు మిషన్ అంకె, జరీ బరువుకు జరీ పాళ్లు, అంతే. ఇంకోటి, మిషన్ శాతం చెబుతుంది గానీ బరువు చెప్పదు.

బరువు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గ్రాములో వందోవంతు చూపే చిన్న కాటా ఒకటి చాలు. జాకెట్టు ముక్కకు కూడా అదే అంచు నేసి ఉంటే, రెండువైపుల అంచులూ 20 సెంటీమీటర్ల చొప్పున కత్తిరించండి. మిద్దె మీదో పెరట్లోనో పాత ఇనుప మూకుడులో కాల్చి, చల్లారాక నీళ్లతో బూడిద కడిగి, ఆరబెట్టి తూచండి. రెండు అంచులకూ కలిపి 2 గ్రాముల లోహం మిగిలిందనుకుందాం. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే అలాంటి ముక్కలు ఇరవై ఏడున్నర. అంచుల్లో 55 గ్రాముల లోహం ఉన్నట్టు. పై పాళ్ల ప్రకారం అందులో వెండి 29 గ్రాములు, బంగారం మూడోవంతు గ్రాము పైచిలుకు. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము వెండి వంద రూపాయలు, బంగారం పదివేలు అనుకోండి. వెండి విలువ 2,900, బంగారం విలువ దాదాపు 3,600! మాటల్లో అంతా వెండే వినిపిస్తుంది, బంగారం ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సింది అమ్మేవాళ్లే. కొంగు లెక్క దీనికి అదనం.

శుద్ధి ఖర్చు, తరుగు, రాకపోకలు కొనేవాళ్లకూ ఉంటాయి కాబట్టి మొత్తం విలువలో అరవై శాతం చేతికొస్తే మంచి బేరమే. నలభైకి దిగితే మూట కట్టేయండి. "ఒక్కో చీరకు ఇంత" అని గుత్తగా మాట్లాడేవాళ్లతో అసలు వద్దు. ఆ పద్ధతిలో నాలుగు టెస్టెడ్ జరీ చీరల పేరు చెప్పి ఒక బరువైన అసలు జరీ చీరను చవగ్గా లాగేయడం సులువు. మరో జాగ్రత్త, ధర తేలేదాకా కత్తెర తీయనివ్వకండి. అంచు ఒక్క జానెడు తెగిందంటే అది ఇక చీర కాదు, ఆ పైన వాళ్లు చెప్పిందే రేటు. డబ్బు ఫోనులో వేస్తామంటే వేయమనండి. అయితే డబ్బు రావడానికి మీరు క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. అలా అడిగారంటే మోసమే.

గట్టిగా ఉన్న చీరలకు ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటివి, వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. ఓపిక కావాలి, బేరాలు విసిగిస్తాయి, కానీ నేతకు విలువ కట్టేవాళ్లు దొరికేది అక్కడే. ఫోటోలు నీడపట్టున పగటి వెలుతురులో తీయాలి. మొత్తం చీర, కొంగు, అంచు దగ్గరి నుంచి, వెనకవైపు, మచ్చ ఉంటే మచ్చ. మచ్చ దాచితే చీర తిరిగొస్తుంది, పార్సిల్ ఖర్చు మీ నెత్తిన. పొడవు, వెడల్పు, బరువు, జాకెట్టు ముక్క ఉందా లేదా, ఫాల్ ఎప్పుడు వేయించారు, ఎక్కడ కొన్నారు అన్నవి రాస్తే సగం ప్రశ్నలు తగ్గుతాయి. పాత ఫాల్ విప్పేస్తేనే మంచిది. నూలు ఫాల్ ముడుచుకుపోయి అంచును లాగేస్తూ ఉంటే ఫోటోలో చీరే వంకరగా కనిపిస్తుంది. అమ్మే ముందు డ్రైక్లీనింగ్ వేయాలా అంటే, పాత మచ్చలున్న చీరకు వద్దు. ఆ ఖర్చు తిరిగి రాదు.

రోజూ కట్టే నూలు, సింథటిక్ బట్టలకు ఈ రెండు దారులూ పనికిరావు. వాటికి స్టీలు సామాన్ల వాళ్లే దిక్కు. నాలుగు ప్యాంట్లు, అయిదారు చొక్కాలకు ఒక బేసిన్ వస్తుంది. బేసిన్ పలచనే, నొక్కితే సొట్ట పడుతుంది. అయినా ఆ మూట చెత్తకుప్పకు పోదు. తొడుక్కోదగ్గవి సెకండ్‌హ్యాండ్ సంతలకు, మిగతావి మెకానిక్ షెడ్లలో చేతులు తుడుచుకునే గుడ్డలుగా చేరతాయి. జీన్స్ ప్యాంట్లకు గిరాకీ ఎక్కువ, వాటిని విడిగా బేరం చెయ్యండి. మెత్తబడ్డ నూలుచీరలు మాత్రం ఇవ్వకండి. అయిదారు చీరలుంటే ఒక బొంత అవుతుంది. బొంతలు కుట్టేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు, కూలి ఇచ్చినా కొత్త రజాయి కంటే చవక.

గద్వాల చీర సంగతి వేరు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు కాబట్టి ఉతుకులకు ముందు అలిసేది ఒళ్లే. అంచులు నిగనిగలాడుతుండగానే మధ్యభాగం జల్లెడవుతుంది. ఇలాంటి అంచును కరిగించడానికి ఇస్తే పాపం. అంచుకు లోపలివైపు అంగుళం నూలు వదిలి కత్తిరించి, నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన కొత్త నూలుబట్టకు కుట్టిస్తే మళ్లీ చీరవుతుంది. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే బట్ట కుంచించుకుపోయి, అంచు అలలు తిరుగుతుంది.

పట్టుచీరను పిల్లలకు పరికిణీగా మార్చేటప్పుడు దర్జీకి మూడు మాటలు చెప్పాలి. చిట్లిన మడతగీతలు కుచ్చిళ్ల లోపలికి పోయేలా కత్తిరించమని. లోపల నూలు లైనింగ్ తప్పనిసరని. కుట్టుకు బయట అంగుళంన్నర అయినా బట్ట వదలమని, ఎందుకంటే పాత పట్టు చిరిగేది కుట్టు వెంబడే. సన్నసూదితో, పొడుగుకుట్టు పెట్టి కుట్టాలి. దగ్గరదగ్గరగా కుడితే సూదిరంధ్రాల వెంట కాగితం చింపినట్టు ఊడి వస్తుంది.

జరీ అమ్మేసిన చీరల ఒళ్లు కొనేవాళ్లకు అక్కర్లేదు, అడిగితే వదిలేసి వెళ్తారు. అడగకపోతే మూటతో పాటే పోతుంది. చిట్లని చోట్ల రెండున్నర మీటర్లు దొరికితే ఓణీ, మీటరు దొరికితే జాకెట్టు. అదీ లేదంటే కుంకుమభరిణె పట్టేంత సంచులు పది కుట్టుకోవచ్చు, పేరంటాలకు పనికొస్తాయి.