ధాన్యం చీటీల్లో పైథాన్ ఎఫ్-స్ట్రింగ్: రెండు సార్వాలు, రెండు దాళ్వాల వాడకం తర్వాత

భీమవరం, పాలకొల్లు వైపు ధాన్యం కొనుగోలు చీటీలు ప్రింటు తీయడానికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని ఎఫ్-స్ట్రింగ్ (విలువలను టెక్స్టు మధ్యలో ఇమిడ్చే పద్ధతి) వాడుతున్నాం. అంకెను టెక్స్టుగా మార్చడంలో ఇంత సుళువైనది ఇంకోటి కనబడలేదు. బ్రాకెట్లో వేరియబుల్ పేరు, కోలన్, కామా, చుక్క, 2, ఎఫ్. అంతే. పైథాన్ 3.6 నుంచి ఉంది.

చిక్కల్లా ఆ కామాతోనే. 1234567 ఇస్తే 1,234,567 వస్తుంది. చీటీ మీద 12,34,567 లేకపోతే రైతు మళ్లీ లెక్కపెట్టుకుంటాడు. లొకేల్ మాడ్యూల్‌తో (ఆయా దేశాల అంకెల పద్ధతి పాటించే పైథాన్ భాగం) ఇండియా పద్ధతి వస్తుంది గానీ, ఆ లొకేల్ సర్వర్లో లేకపోతే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. పైగా అది ప్రోగ్రాం మొత్తానికీ వర్తిస్తుంది, థ్రెడ్లుంటే (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) జోలికెళ్లొద్దు. బేబెల్ లైబ్రరీ నయం. సొంతంగా రాసుకుంటే చివరి మూడంకెలు పక్కనపెట్టి మిగతావి రెండేసి విడదీయాలి. మైనస్ గుర్తు ముందే తీసేయండి, లేదంటే -12345 కాస్తా -,12,345 అవుతుంది.

పైసల దగ్గర ఫ్లోట్‌ను (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచుకునే అంకె రకం) నమ్మకండి. 2.675ని రెండు దశాంశాలకు తెస్తే 2.67 అంటుంది, ఎందుకంటే లోపల దాచుకున్న విలువే 2.675 కంటే పిసరంత తక్కువ. డెసిమల్‌కి (దశాంశాలను ఉన్నదున్నట్టు దాచుకునే రకం) మారినా సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి అంకె వైపుకే మొగ్గుతుంది: 2.665 ఇస్తే 2.66. దశాంశాలను కుదించే క్వాంటైజ్‌లో రౌండ్ హాఫ్ అప్ (సగం వస్తే పైకి) పెట్టి, ఆ తర్వాతే ఫార్మాట్ చేయాలి.

బస్తాల లెక్కలో తప్పు ఫార్మాట్‌ది కాదు, మనదే. 2,345 కిలోలను బస్తాకు 75 కిలోల లెక్కన భాగించి రెండు దశాంశాలు చూపిస్తే 31.27. కళ్లంలో దాన్ని 31 బస్తాల 27 కిలోలని చదువుతారు. అసలుది 31 బస్తాల 20 కిలోలు. భాగఫలం, శేషం రెండూ ఇచ్చే డివ్‌మాడ్‌తో రెండు ముక్కలు చేసి విడివిడిగా రాయండి.

తెలుగు పేర్లున్న వరుసలు మాత్రం కుదరవు. వెడల్పు 12 అంటే భీమవరం పక్కన 6 ఖాళీలు, పాలకొల్లు పక్కన 3. రెండూ కంటికి నాలుగక్షరాలే, కానీ పైథాన్ గుణింతాలను, ఒత్తులను కూడా విడిగా లెక్కేస్తుంది. పేరును చివరి గడిలోకి నెట్టేస్తే అంకెలైనా వరుసలో నిలబడతాయి.

బాకీ తీరిపోయినా -0.00 కనబడితే పైథాన్ 3.11 నుంచి వచ్చిన జెడ్ ఆప్షన్ (సున్నా ముందు మైనస్ తీసేసేది) పెట్టండి.