ఎవరూ వాడకపోయినా కరెంటు లాగే ఇన్వర్టర్

మోటర్‌హోమ్‌లోని (ఇల్లులా అమర్చిన బండిలోని) ప్లగ్గులన్నింటికీ బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే 2000 వాట్ల ఇన్వర్టర్‌ను కొన్ని చలికాలాలుగా వాడుతున్నాను. ప్యూర్ సైన్ వేవ్ రకం, అంటే ఇంటి కరెంటులాగే నున్నటి అలగా కరెంటు ఇచ్చేది. బయటి కరెంటు తగిలించగానే దానంతట అదే పక్కకు తప్పుకుని, తీసేయగానే బాధ్యత తీసుకుంటుంది. ఆ మార్పిడి ఇంతవరకు ఒక్కసారి కూడా తడబడలేదు. ప్లగ్గులు ఇంట్లో ఉన్నట్టే పనిచేస్తాయని కొత్తలో అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు.

నా కోపమంతా దాని పొదుపు మోడ్ మీదే. ఈ ఇన్వర్టర్ ఏమీ నడపకుండా ఊరికే మేలుకుని ఉన్నా బ్యాటరీ నుంచి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. రోజుకు 48 ఆంపియర్ అవర్లు. నా లెడ్ బ్యాటరీల మొత్తం సామర్థ్యం 200. వాటిని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికందేది 100 మాత్రమే. అంటే బండిలో మనిషి లేకపోయినా రోజు గడిచేసరికి దాదాపు సగం ఖర్చు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, ఇక బ్యాటరీ ఎంత?

ఈ ఖర్చు తప్పించడానికే పొదుపు మోడ్ ఉందంటుంది మాన్యువల్. ఇన్వర్టర్ నిద్రపోతూ, కొద్ది క్షణాలకోసారి క్షణంపాటు కొద్దిగా కరెంటు పంపి, ఏదైనా ఆన్ అయిందేమో చూస్తుంది. ఎన్ని వాట్లు దాటితే లేవాలో మనమే పెట్టుకోవచ్చు. వినడానికి బాగుంది. తయారీదారు పెట్టిన అంకెతో ఫోన్ ఛార్జర్ దాని కంటికి ఆనలేదు. ఛార్జర్ దీపం మినుకుమినుకుమంటూ రాత్రంతా గడిచింది, తెల్లారేసరికి ఫోను చచ్చిపోయి ఉంది. సరేనని అంకె తగ్గించాను. ఈసారి మైక్రోవేవ్ గడియారం, టీవీ స్టాండ్‌బై దీపం కలిసి దానికి కునుకు పట్టనివ్వలేదు. గడియారం వెలగడానికి కొన్ని వాట్లు, దానికోసం మేలుకున్న ఇన్వర్టర్‌కు పాతిక వాట్లు!

ఆ సంగతి బయటపడింది ఒక మబ్బు పట్టిన ఉదయం. పైన సోలార్ ప్యానెల్ నుంచి వచ్చేదేమీ లేదు. రాత్రంతా హీటర్ ఫ్యాను తిరిగింది. మీటరు 12.1 వోల్టులు చూపిస్తోంది, పరవాలేదనిపించే అంకె. 1000 వాట్ల కెటిల్ ఆన్ చేయగానే ఇన్వర్టర్ కీచుమని అరిచింది, ఎర్రదీపం వెలిగింది, ప్లగ్గులన్నీ చచ్చిపోయాయి. కెటిల్ తీసేస్తే మీటరు మళ్లీ 12 దగ్గరికి ఎక్కింది. పెడితే మళ్లీ అదే అరుపు. 12 వోల్టుల బ్యాటరీ వైపు ఆ కెటిల్‌కు 90 ఆంపియర్లకు పైగా కావాలి. చలికి బిగుసుకుపోయి, సగం ఖాళీ అయిన లెడ్ బ్యాటరీ అంత భారం పడగానే 10.5 కిందికి జారిపోయింది, ఇన్వర్టర్ తన రక్షణ కోసం ఆగిపోయింది. దాన్ని తప్పుపట్టలేను. రాత్రంతా లాగిందెవరు అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు పొదుపు మోడ్ జోలికి పోవడం లేదు. ఫోన్లకు నేరుగా 12 వోల్టుల నుంచి పనిచేసే యూఎస్‌బీ సాకెట్లు పెట్టించాను. అలా అయితే వోల్టేజీని పెంచి మళ్లీ తగ్గించే వృథా ఉండదు. మంచం పక్కన గోడకు బిగించిన చిన్న రిమోట్ స్విచ్చు, కొనేటప్పుడు అనవసరం అనుకున్నదే, ఇవాళ నాకు ఇన్వర్టర్ కన్నా ఎక్కువ ఇష్టం. కెటిల్‌కు ముందు నొక్కుతాను, టీ గ్లాసులో పడగానే ఆపేస్తాను.

ఇంట్లో ఉన్నట్టే అన్నాను కదా, కెటిల్, మైక్రోవేవ్ ఒకేసారి పెట్టనంతవరకు అనుకోండి. భారం పెరిగినప్పుడు దాని ఫ్యాను చేసే రొద కూడా ఇంట్లో ఉండదు.

నేను కరెంటు తగిలించే చోటు లేని మైదానాల్లో, లెడ్ బ్యాటరీలతో గడిపేవాణ్ణి. పెద్ద లిథియం బ్యాటరీ, ఎండ కాచే పైకప్పు ఉన్నవారికి ఈ 2 ఆంపియర్లు లెక్కలోకే రావు. ఎప్పుడూ క్యాంపులో ప్లగ్ పెట్టుకునేవారికి అసలు ఇది అవసరమే లేదు. మళ్లీ కొనాల్సి వస్తే ఖాళీగా తక్కువ లాగే చిన్నది చూస్తాను, అది నా కెటిల్‌ను మోయగలిగితేనే.