తొంభై కిలోలు దాటినవాళ్ళకి నాలుగడుగుల ఖాళీ పంచింగ్ బ్యాగ్ పనికొస్తుందా?

తీర్పు ముందే చెప్పేస్తాం. 75 కిలోల లోపు వాళ్ళు కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. 90 దాటినవాళ్ళు మాత్రం కొన్నది ఉత్త సంచి అనుకోవాలి. దాన్ని బ్యాగ్ చెయ్యడానికి ఇంకా పని ఉంది, సంచి ధరకి దగ్గరగా ఇంకో ఖర్చూ ఉంది. అదేమీ చెయ్యకుండా వేలాడదీసి కొడితే నెల తిరక్కుండా బ్యాగ్ పట్టీ అయినా ఊడుతుంది, మణికట్టు అయినా పట్టేస్తుంది.

ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు దొరికే సరుకు ఇది. శ్రీకాకుళం, విజయనగరం స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే తెప్పించి ఇస్తారు. నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల అడ్డుకొలత, నల్ల రెక్సిన్, పైన జిప్పు, నాలుగు పట్టీలు, ఒక గొలుసు. వాటితో పాటు ‘ఫ్రీ’ అని ఒక జత గ్లవ్స్, గ్లవ్స్ లోపల చేతికి చుట్టుకునే పట్టీలు ఒక జత. సంచి ఖాళీగా వస్తుంది. పార్శిల్ విప్పగానే మోసపోయామని ఒక్క స్టార్ ఇచ్చేసినవాళ్ళు బోలెడుమంది కనిపిస్తారు. అది అన్యాయం. నలభై కిలోల బరువుకి కొరియర్ ఛార్జీ కట్టేకంటే, లోపలికి ఏం వెళ్ళాలో మనమే చూసుకోవడం నయం. నింపి అమ్మే చౌక బ్యాగుల్లో ఏం కుక్కుతున్నారో కోసి చూస్తే తప్ప తెలీదు.

చేత్తో నింపిన సంచిని చిన్నచూపు చూడక్కర్లేదు. హెవీవెయిట్ బాక్సర్ జో ఫ్రేజియర్ కెరీర్ మొదలైందే అలాంటిదాని మీద. అమెరికాలో సౌత్ కరోలినాలోని బ్యూఫోర్ట్ దగ్గర పల్లెలో, పాత గోనెసంచిలో చింకి గుడ్డలు, మొక్కజొన్న కంకుల బెండ్లు, చెట్లకి వేలాడే నాచు కుక్కి, బరువు కోసం మధ్యలో ఒక ఇటుక పెట్టి, ఓక్ చెట్టుకి కట్టుకున్నాడు. చేతులకి చుట్టుకోడానికి నాన్న టై, అమ్మ మేజోళ్ళు. ఆ గుంటడే 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ స్వర్ణం గెలిచాడు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో పదిహేనో రౌండ్లో మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే ఎడమచేతి హుక్‌తో మహమ్మద్ అలీని కింద పడేశాడు. ఆ రోజు అతని బరువు 93 కిలోలు. ఇటుక ఆలోచన మాత్రం మనకొద్దు. అది ఎందుకో కింద చెప్తాం.

మన షాపుల్లో 90 పైబడినవాళ్ళకి సరిపడే సరుకు ఎందుకు దొరకదంటే, కొనేవాళ్ళు తక్కువ. బాక్సింగ్ సూపర్ హెవీవెయిట్‌లో (91 కిలోలు దాటినవాళ్ళ విభాగం) ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయుడు సతీష్ కుమార్. అది కూడా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కి. అమ్మేవాళ్ళ దృష్టిలో బ్యాగ్ కొనేది పొట్ట తగ్గించుకోవాలనుకునే 65 కిలోల మనిషి. కానీ కొండవెలగాడ లాంటి వెయిట్‌లిఫ్టర్ల ఊరున్న విజయనగరం జిల్లాలో, మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరు పెట్టుకున్న స్టేడియం ఉన్న శ్రీకాకుళంలో, భారీ ఒళ్ళున్న కుర్రాళ్ళకి కొదవా?

ఇక నింపడం. అసలు రివ్యూ ఇక్కడే ఉంది.

బ్యాగ్ బరువు కొట్టేవాడి బరువులో సుమారు సగం ఉండాలన్నది జిమ్ముల్లో పాత లెక్క. ఈ సంచిని గుడ్డతో బాగా దట్టిస్తే 35 కిలోల చుట్టుపక్కల తేలుతుంది. 95 కిలోల మనిషికి అది చాలదు. దెబ్బకి అవతలి గోడ దాకా ఊగి, తిరిగొచ్చి మీదే పడుతుంది. కాబట్టి గుడ్డకి తోడు ఇసుక కావాలి. అయితే ఇసుకని విడిగా పొయ్యకూడదు. వదులు ఇసుక గుడ్డల సందుల్లోంచి జారి అడుక్కి చేరి, వారం తిరిగేసరికి సిమెంట్ దిమ్మలా బిగుసుకుంటుంది. అక్కడ ఒక్క బాడీ షాట్ (పొట్ట, పక్కటెముకల ఎత్తులో కొట్టే దెబ్బ) పడితే చెయ్యి పోయినట్టే. ఇటుక వద్దన్నదీ అందుకే. గుడ్డ నలిగే కొద్దీ అది పక్కకి జరిగి రెక్సిన్ దాకా వచ్చేస్తుంది. అది ఎక్కడుందో వేళ్ళకి తెలిసేదాకా మనకి తెలీదు.

చెయ్యాల్సింది ఇది. నాగావళి ఇసుకో, వంశధార ఇసుకో జల్లెడ పట్టి, రెండు మూడు రోజులు ఎండలో పోసి, తడి లేదని నమ్మకం కుదిరాక రెండేసి కిలోల ప్యాకెట్లు కట్టాలి. రెండు పొరల పాలిథిన్, పైన ప్లాస్టర్, ఆ పైన పాత టవల్ చుట్ట. ఇలాంటివి ఆరు. సంచి అడుగున ఒక అడుగు మేర గుడ్డ వేశాక, సరిగ్గా నడిమధ్యన ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, చుట్టూ అన్ని వైపులా కనీసం నాలుగంగుళాల గుడ్డ ఉండేలా దట్టించుకుంటూ పైకి రావాలి. పైన మళ్ళీ ఒక అడుగు ఉత్త గుడ్డే. ఇలా చేస్తే బరువు 45 దాటుతుంది. అంతకు మించి ఎక్కించకండి. ఈ పట్టీలు మొయ్యవు.

గుడ్డ విషయానికొస్తే టైలర్ షాపుల్లో కత్తిరింపు ముక్కలు బస్తాల లెక్కన దొరుకుతాయి. వాటికి పాత చీరలు, దుప్పట్లు కలపాలి. ముక్కలు మరీ చిన్నవైతే త్వరగా కిందికి దిగిపోతాయి, మరీ పెద్దవైతే ఉండలు కట్టి మధ్యలో ఖాళీలు మిగులుతాయి. రెండూ కలిపితేనే కుదురుతుంది. గుండీలు, హుక్కులు, జిప్పులు ఏరెయ్యడం విసుగు పనే గానీ ఒక్క ప్యాంటు హుక్కు చాలు, రెక్సిన్‌ని లోపల్నించి చీల్చడానికి. ఉద్దానం వైపు కొబ్బరి పీచు చవగ్గా వస్తుందని కొందరు అదే కుక్కుతారు. అది తేలిక, పైగా దెబ్బలకి నలిగి పొడైపోతుంది, వానాకాలం చెమ్మ పీల్చి కంపు కొడుతుంది. కావాలంటే అడుగున మెత్తగా ఒక పొర వేసుకోండి, అంతకంటే వద్దు. గోనెసంచి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. నింపే ముందు లోపలి గోడకి ఆనించి అస్తరులా ఒక వరస వేస్తే రెక్సిన్ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఈ సంచికి లోపల అస్తరు లేకపోవడం పెద్ద లోపం.

దట్టించేటప్పుడు నాలుగంగుళాలకోసారి రోకలితో గానీ మందపాటి కర్రతో గానీ పొడవాలి. అడుగు భాగం కాస్త వదులుగా, పైకి వచ్చేకొద్దీ గట్టిగా. పై బరువంతా పడి అడుగు దానంతటదే బిగుస్తుంది కాబట్టి ఇలా తలకిందులుగా చెయ్యాలి. అంతా ఒకే గట్టిదనంతో నింపితే పదిహేను రోజుల్లో కింద రాయి, పైన దూది. ఎలా నింపినా మొదట్లో నాలుగైదు అంగుళాలు కిందికి దిగుతుంది. జిప్పు తీసి పైన మళ్ళీ నింపాలి. తొలి నెల వారానికోసారి దించి, నేల మీద దొర్లించి, నడుము భాగాన్ని కాళ్ళతో తొక్కితే గుండ్రంగా నిలుస్తుంది.

పట్టీల సంగతి. నాలుగు పట్టీలూ సంచి అంచుకి ఒకే వరస కుట్టుతో ఉన్నాయి. ఒక్కొక్క కుట్టూ ఓ అంగుళం. ఇది మాకు బొత్తిగా నచ్చలేదు. నిలకడ బరువుకి ఆగుతుంది గానీ, దెబ్బ పడ్డప్పుడు బ్యాగ్ పైకి లేచి కిందికి జారుతుంది చూడండి, ఆ జర్కుకి ఆగదు. ముందు ఒక పట్టీ ఊడుతుంది, ఆ మీదట మూడింటి మీద బరువు పడి పక్కది ఊడుతుంది. మోటార్ సైకిళ్ళకి, ఆటోలకి సీటు కవర్లు కుట్టే షాపుకి ఖాళీ సంచి పట్టుకెళ్ళండి. పట్టీని సంచి మీద ఒక జానెడు కిందికి దింపి, నైలాన్ దారంతో చతురస్రం, మధ్యలో ఇంటూ గుర్తు కుట్టించండి. నింపాక తీసుకెళ్తే వాళ్ళ మిషన్ కిందకి దూరదు. ఇక సంచికి పొడుగునా ఉండే నిలువు కుట్టు మనం కొట్టే వైపు రాకుండా వేలాడదీసుకోవడం మన చేతిలో పని.

గొలుసుకి స్వివెల్ (బ్యాగ్‌తో పాటు తిరిగే జాయింటు) లేదు. అంటే బ్యాగ్ తిరిగినప్పుడల్లా గొలుసు మెలిపడి కొక్కెం దగ్గర అరుగుతుంది. హార్డ్‌వేర్ షాపులో విడిగా కొని వేసుకోవాల్సిందే. కళింగపట్నం, భోగాపురం లాంటి సముద్రపు గాలి తగిలే చోట ఈ గొలుసు పూత ఒక్క వర్షాకాలం కూడా నిలవదు. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) గొలుసు అడగండి.

ఫ్యాన్ కొక్కేనికి మాత్రం తగిలించొద్దు. అది ఫ్యాను కోసం పెట్టింది. ఊగే 45 కిలోలు లాగే లాగుడు 45 కిలోలతో ఆగదు. శ్లాబ్‌కి అయితే 12 ఎం.ఎం. యాంకర్ బోల్టులు నాలుగు, వాటి మీద ఇనుప ప్లేటు, ప్లేటుకి వెల్డింగ్ చేసిన రింగు. బీమ్ ఉంటే శ్లాబ్ కంటే అదే నయం. నెమ్ము దిగి పెచ్చులు రాలుతున్న శ్లాబ్ అయితే ఆశ వదులుకుని పెరట్లో చెట్టు చూసుకోండి. వేప, చింత కొమ్మలు లావుగా ఉంటే చాలు. కొమ్మ మీద గొలుసు నేరుగా పడకుండా పాత టైరు ముక్క వెయ్యాలి. చెట్టుకి కట్టినవాళ్ళు రాత్రిళ్ళు దించేసుకోవాలి, ఇక తుఫాను హెచ్చరిక వస్తే వేరే చెప్పాలా? తిత్లీ చూసిన జిల్లా మనది.

ఎత్తు: ఆరడుగుల మనిషికి బ్యాగ్ పై అంచు తల ఎత్తుకి రావాలి. కింది అంచు మోకాలి పైన ఆగుతుంది. చుట్టూ నాలుగడుగుల ఖాళీ.

ఫ్రీ గ్లవ్స్ గురించి ఒక్క మాటే: ఎవరికైనా ఇచ్చెయ్యండి. వేళ్ళ మీద ఒక పల్చటి ఫోమ్ తప్ప లోపల ఏమీ లేదు. 90 దాటినవాళ్ళు బ్యాగ్ మీద కూడా 16 ఔన్సులవే వాడాలి, అంటే ఒక్కోటి దాదాపు 450 గ్రాములు. ప్రొఫెషనల్ హెవీవెయిట్లు పోటీలో 10 ఔన్సులవి వేసుకుంటారు కదా అని కొందరి వాదన. అది పోటీ రోజు సంగతి. ఆ రోజు వాళ్ళ చేతికి గాజు గుడ్డ, ప్లాస్టర్‌తో కట్టు కట్టడానికి మనిషి ఉంటాడు. బొటనవేలు గ్లవ్‌కి కలిపి కుట్టి ఉందో లేదో కొనేటప్పుడు చూడండి. ఫ్రేజియర్ ఒలింపిక్స్‌కి వెళ్ళిందే సెలెక్షన్‌లో తనని ఓడించిన బస్టర్ మేథిస్ చేతికి దెబ్బ తగలడం వల్ల. తీరా అక్కడ సెమీఫైనల్లో ఫ్రేజియర్ ఎడమ బొటనవేలే విరిగింది. ఆ వేలితోనే ఫైనల్ ఆడి గెలిచాడు. హెవీవెయిట్ కెరీర్లు చేతి ఎముకల మీద ఎలా ఆధారపడతాయో దీనికి మించిన ఉదాహరణ లేదు.

వచ్చిన చేతి పట్టీలు 108 అంగుళాలవి, సాగవు. పెద్ద చేతికి మణికట్టు చుట్టేసరికే అయిపోతాయి. 180 అంగుళాలవి విడిగా తెచ్చుకోండి. వేళ్ళు బాగా చాపి, బొటనవేలికి లూప్ తగిలించి, చెయ్యి వెనక నుంచి మణికట్టుకి మూడు చుట్లు, పిడికిలి కణుపుల మీద మూడు, తర్వాత వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటి మణికట్టుకి తిప్పుతూ మూడు, బొటనవేలి చుట్టూ ఒకటి, మిగిలింది మళ్ళీ కణుపుల మీదా మణికట్టు మీదా. పిడికిలి ముడిస్తే బిగుతు తెలియాలి, చాపితే వేళ్ళు తెల్లబడకూడదు.

వాడి చూస్తే ఎలా ఉంది? పైన చెప్పినవన్నీ చేశాక బాగుంది. దెబ్బ మెత్తగా దిగి గట్టిగా ఆగుతుంది. హెవీవెయిట్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ కొడుతుంటే బ్యాగ్‌కి గుంట పడేదని చెప్పుకుంటారు. మంచి దెబ్బకి గుర్తు అదే: బ్యాగ్ ముడుచుకోవాలి, ఊగకూడదు. ఊగుతోందంటే మీరు కొట్టట్లేదు, తోస్తున్నారు. బరువున్న కుర్రాళ్ళ జబ్బే ఇది. పిడికిలిని తగిలిన చోటే వదిలేసి ఒంటి బరువు దాని మీద వాలుస్తారు. తగలగానే వెనక్కి లాక్కోవడం అలవాటయ్యేదాకా సగం బలంతోనే కొట్టండి. చూపుడువేలు, మధ్యవేలు కణుపులే ముందు తగలాలి. చిటికెనవేలి వైపు తగిలితే దాని వెనక అరచేతి ఎముక కణుపుకి కాస్త కిందే విరుగుతుంది. మొదట్లో రెండు నిమిషాల రౌండ్లు ఆరు, మధ్యలో నిమిషం విరామం. మూడు నిమిషాల రౌండ్లు పన్నెండు అనేది ఇప్పటి మగవాళ్ళ ప్రపంచ టైటిల్ ఫైట్ లెక్క. దానికి తొందరేం లేదు.

రెక్సిన్ మన్నిక మధ్యస్తం. చెమట తుడవకపోతే మధ్యలో పగుళ్ళొస్తాయి. గుడ్డ ప్లాస్టర్ నాలుగు చుట్లు చుడితే ఇంకొంత కాలం నడుస్తుంది. 105, 110 కిలోల వాళ్ళు దీని జోలికి పోకుండా లారీ టార్పాలిన్ రెండు పొరలతో ఐదడుగుల సంచి కుట్టించుకోవడమే మేలు. ఖర్చు కొంచెం పెరుగుతుంది గానీ పట్టీలు అడుగు నుంచి చుట్టి రావడం వల్ల ఊడే సమస్యే ఉండదు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. రిటర్న్ గడువు సాధారణంగా పది రోజుల లోపే ఉంటుంది, గుడ్డ పోగేసి నింపేసరికి అది దాటిపోతుంది. కుట్టు వేయించినా, నింపినా తిరిగి తీసుకోరు. అందుకని పార్శిల్ వచ్చిన రోజే సంచిని లోపలి వైపు తిరగేసి కుట్లు చూడండి, జిప్పు ఆ చివర నుంచి ఈ చివరకి పదిసార్లు లాగండి, ఒక్కో పట్టీ పట్టుకుని కాలితో సంచిని తొక్కి పెట్టి గట్టిగా గుంజండి. దారం టప్పున తెగిన చప్పుడు వినిపిస్తే ఫొటో తీసి అదే రోజు వెనక్కి పంపెయ్యండి.